అవ్వకు మాటలు రాసే పిల్ల

టీవీ కామెడీలో ఆదివాసీ ఆడమనిషి వస్తోందంటే ఎట్లా ఉంటదో మన పిల్లలకు ముందే తెలుసు. నెత్తిన ఈకలు, మొహానికి నల్లరంగు, అర్థంలేని కూతలు. హాస్టల్లో పిల్లలు అది చూసి నవ్వుతారు. మర్నాడు పక్కపిల్లను అవే కూతలతో ఏడిపిస్తారు. ఆశ్రమ పాఠశాలల్లో పనిచేసే మాకు ఇది చిన్న విషయం కాదు.

మా దగ్గర చదువుకున్న కోయపిల్ల ఒకతె ఇప్పుడు హైదరాబాద్ కృష్ణానగర్‌లో ఉండి టీవీకి కామెడీ రాస్తోంది. ఆ పేట సంగతి మీకు తెలిసిందే. తెల్లారకముందే జూనియర్ ఆర్టిస్టులు రోడ్డు మీద వ్యాన్ల కోసం చూస్తుంటారు. ఒక్కో గదిలో నలుగురైదుగురు. పూరి జగన్నాథ్ 2008లో తీసిన 'నేనింతే' ఆ బతుకుల గురించే.

ఈ పిల్ల సంత మీద ఒక సీన్ రాసి మాకు చూపించింది. అవ్వ ఇప్పపువ్వు అమ్మడానికి వస్తది. సేటు తూకం వేస్తూ పళ్లెం కింద వేలు ఆనిస్తాడు. అవ్వ అంటది: "పళ్లెం పడిపోతదని పట్టుకున్నవా సేటూ? నీకెందుకు కష్టం, మా మనవడు పట్టుకుంటడులే." తర్వాత డబ్బులు మూడుసార్లు లెక్కపెట్టి కొంగున ముడివేస్తది. మనవరాలి హాస్టల్ పెట్టె కోసం అవి. మేము చదివి పడీపడీ నవ్వాం. ముడి దగ్గరికొచ్చేసరికి ఎవరికీ మాట రాలేదు.

అక్కడి వాళ్లు వేరే మాట చెప్పారట. ముడి తీసెయ్, అవ్వను తాగించు, ఈకలు పెట్టు, వేషం మగనటుడికి ఇద్దాం అని. 2013లో ఈటీవీలో మొదలైన 'జబర్దస్త్' నాటినుంచి చీరకట్టిన మగవాళ్లు మనకు అలవాటే. నటుల తప్పేం లేదు, పొట్టకూటి పని. కానీ ఆడవేషం కనబడగానే నవ్వాలన్నప్పుడు ఆమెకు మాటలెవరు రాస్తారు?

తెలుగులో మంచి దారి లేక కాదు. 2001లో జెమినీలో మొదలైన గుణ్ణం గంగరాజు 'అమృతం'లో సంజీవని, శాంత ఉన్నారు. నవ్వు వాళ్ల ఒంటి మీద పుట్టదు, హోటల్ పెట్టిన మొగుళ్ల అతితెలివి మీద పుడుతది. ఇంకా వెనక్కిపోతే 1962 నాటి గుండమ్మ. సూర్యకాంతం గయ్యాళితనం చూసి నవ్వుతాం గానీ, సొంత కూతురి మీద ఆమె పిచ్చిప్రేమ లేకపోతే ఆ గయ్యాళితనానికి బలమేదీ? ఆమెకు ఏదో కావాలి, అది చేజారుతుందన్న భయం ఉంది. మా పిల్ల అవ్వకు కావాల్సింది ఒక రేకుపెట్టె. దాన్ని తీసేస్తే మిగిలేది ఈకలే.

మాలో కొందరు అన్నారు, గది కిరాయి కట్టాలి కదా, ఈ ఒక్కసారికి ఈకలు పెట్టనీ అని. ఆ మాటను తీసిపారేయలేం. కిరాయి కట్టేది ఆమె, మేము కాదు.

ఆమె సీన్ తిరగరాసింది. ముడి అట్లనే ఉంది. ఈకల్లేవు. కొత్తగా ఒకటి కలిపింది: సేటుకు కోయ రాదు, అవ్వకు రెండు భాషలూ వచ్చు. ఆమె మనవడితో కోయలో ఏదో అంటది, ఇద్దరూ నవ్వుతారు, సేటు తెల్లమొహం వేస్తాడు. మొన్న ఫోన్ చేసి అడిగింది: "సార్, అవ్వ ఏమన్నదో కింద తెలుగులో రాయించాల్నా, వద్దా?"

రాయాలని సగంమంది, వద్దని సగంమంది. మా స్టాఫ్‌రూమ్‌లో ఇంకా తేలలేదు.