తాడు చెప్పిన కొలత

విశాఖలో కారు ఉంచుకున్నవారికి గాజువాక, కూర్మన్నపాలెం దారుల సంగతి చెప్పనవసరం లేదు. ఇనుప కమ్మీలు మోసే ట్రైలర్లు, రేవు నుండి వచ్చే కంటైనర్లు తొక్కిన ఆ రోడ్డు మీద చిన్నబండి ఒక్క గుంతలో పడి లేచినా ముందు చక్రాల వరుస చెదరవచ్చు. మా కారు ముందు టైర్ల లోపలి అంచులు బోడిగా అరిగిపోయాయి. వారానికి రెండుసార్లు అబ్బాను డయాలిసిస్‌కు తీసుకువెళ్ళే బండి అది. పైగా వానాకాలం దగ్గరపడింది. ఒక వర్క్‌షాపులో రెండుసార్లు అలైన్‌మెంటు చేయించినా స్టీరింగు వంకర తీరలేదు.

అబ్బా ఉక్కు కర్మాగారంలో ఫిట్టరుగా పదవీ విరమణ చేశారు. ఇప్పుడు చూపు తగ్గింది. టైరు మీద అరచేయి ఆనించి, "బేటా, బయటికి నిమిరితే నునుపు, లోపలికి నిమిరితే గీరుకుంటోంది. చక్రాల ముందు అంచులు విచ్చుకున్నాయి" అన్నారు. మిల్లులో షాఫ్టులను తీగ లాగి వరుసకు తెచ్చిన చేతులవి.

కొత్త టైర్లు వేయించి, నాలుగింటిలో గాలి సమం చేసి, బండిని చదునైన నేల మీద నిలిపాము. టైరాడ్ చివరలు వదులుగా లేవని ముందే చూసుకున్నాము. అవి వదులైతే ఎంత సరిచేసినా నిలవదు. రెండు ప్లాస్టిక్ గొట్టాలకు ఒకే ఎడంలో గాట్లు పెట్టి, బండి ముందొకటి, వెనుకొకటి ఉంచి, చక్రాల నడిమి ఎత్తులో ఇరుపక్కలా దారం బిగించాము. ముందు హబ్బుల నుండి దారం కుడి ఎడమలకు సమదూరంలో ఉండాలి. వెనుక హబ్బుల వద్దా అంతే. ఈ పనికే రెండు గంటలు పట్టింది. స్టీరింగును నిటారుగా కట్టి రిమ్ము అంచుల నుండి దారానికి కొలిస్తే, ఎడమ చక్రం ముందంచు వెనుకంచు కంటే 3 మిల్లీమీటర్లు, కుడిది 2 మిల్లీమీటర్లు దారానికి దగ్గరగా ఉన్నాయి. అబ్బా అరచేయి చెప్పిందీ అదే.

లాకునట్టు వదులు చేసి టైరాడ్‌ను పావు చుట్టు చొప్పున తిప్పడం, బండిని కొన్ని గజాలు ముందుకు నడపడం, మళ్ళీ కొలవడం. సర్వీసు పుస్తకంలోని కొలత వచ్చేసరికి అసర్ వేళయింది. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కిందకు దూరడాన్ని మాత్రం అబ్బా ఒప్పుకోలేదు. చక్రం పక్కకు తిప్పితే చేయి అందింది.

పందెపు కార్లకు నాలుగు చక్రాల కిందా నాలుగు కాటాలు పెట్టి, ఐమూలగా పడే బరువులు సరిచేసే పని మరొకటుంది. స్ప్రింగు ఎత్తు మార్చే వీలులేని మావంటి కుటుంబ బండికి అది పనికిరాదు.

500 కిలోమీటర్ల తర్వాత అబ్బా మళ్ళీ నిమిరి చూశారు. రెండువైపులా నునుపే. అయినా ఎడమ చక్రాన్ని ఇంకొకసారి కొలవమన్నారు.