చెలియలికట్ట

సముద్రము దాటరాని హద్దునకు మన తెలుగువారు చెలియలికట్ట యని యొక చక్కని పేరు పెట్టిరి. సముద్రుడెంత పొంగినను ఆ కట్ట నతిక్రమింపడని పూర్వకవులు వర్ణించుట కావ్యములు చదివిన సోదరీమణులకు పరిచితమే. అయితే ఆ కట్ట దేనితో కట్టబడినది? దానిని కాచువారెవరు? ఈ ప్రశ్నలకు సమాధానము పుస్తకములలో కంటె విశాఖపట్టణపు టొడ్డున సులభముగా దొరకును. దక్షిణమున యారాడ మొదలు ఉత్తరమున భీమునిపట్టణము వరకు గల తీరమును మేము సెలవుదినములలో విడతలు విడతలుగా నడిచి చూచితిమి. మావారు బడిపంతులగుటచే ఆదివారములును పండుగ సెలవులును తప్ప మాకు వేరు తీరికలేదు. మాతో మా యత్తగారును ఇద్దరు పిల్లలును వచ్చుచుండిరి.

ముందుగా ఒక మాట చెప్పవలసియున్నది. సాయంకాలము బీచికి వచ్చు స్త్రీలలో పెక్కుమంది సముద్రమునకు వీపు పెట్టి కూర్చుందురు. మురీమిక్చరు పొట్లము, మొక్కజొన్న పొత్తు, ఇరుగుపొరుగు ముచ్చట్లు, వీనితో ప్రొద్దు గ్రుంకును. ఇంటికడ మాత్రము పిల్లలకు సముద్రము పేరు చెప్పి భయపెట్టుదురు. భయపెట్టిన పిల్లవాడు పదునెనిమిదేండ్లవాడై స్నేహితులతో కలసి వచ్చి, ఏ నీరెట్టిదో యెరుగక అందులోనే దిగును. వంటయింట నిప్పున్నదని పిల్లను వంటయింటికే రానీయకుందుమా? ఏ గిన్నె ఎట్లు దింపవలెనో నేర్పుదుము గదా. సముద్రము విషయమునను అట్లే చేయవలెనని మా యభిప్రాయము.

పట్టణమున అందరికి దగ్గరయినది రామకృష్ణా బీచి. రామకృష్ణ మిషను ఆశ్రమము అచట నుండుటచే ఆ పేరు వచ్చినది. ఇసుకపైననే కురుసుర యను జలాంతర్గామి నిలిచియున్నది. ఇది 1969 మొదలు 2001 వరకు నౌకాదళమున పనిచేసి, 2002వ సంవత్సరమునుండి ప్రదర్శనశాలగా మారినది. 91 మీటర్ల పొడవుగల యా నౌకలో నడవ యెంత యిరుకనగా ఎదురుగా నొకరు వచ్చినచో ప్రక్కకు ఒత్తిగిలి నిలువవలసినదే. లోపలి వంటగది మా పూజామందిరమంత. అందులో నిలిచి డెబ్బదిమందికి పైగా నావికులకు వండి వడ్డించిన వానికి మా యత్తగారు మనసులోనే నమస్కరించిరి.

ఇక ఇసుక మాట. ఈ తీరమున ఇసుక యొకచోట నిలిచియుండునది కాదు, అది బాటసారి. నైరుతి ఋతుపవనముల నెలలలో కెరటములు దక్షిణమునుండి ఏటవాలుగా వచ్చి యొడ్డును తాకును. ప్రతి కెరటమును కొంత యిసుకను ఉత్తరమునకు జరిపి పోవును. చలికాలమున గాలి మరలినపుడు కొంత వెనుకకు వచ్చును గాని, సంవత్సరము మొత్తమున చూచిన ఉత్తరమునకు పోవునదే యెక్కువ. ఇది గృహిణులకు తెలియని లెక్క కాదు. దక్షిణమునుండి వచ్చునది జమ, ఉత్తరమునకు పోవునది ఖర్చు. జమయు ఖర్చును సమముగా నున్నంతకాలము తీరము కదలనట్లే కనబడును.

1933వ సంవత్సరమున విశాఖ ఓడరేవు ప్రారంభమైనది. ఓడలు లోనికి వచ్చుటకు డాల్ఫిన్ నోసు కొండ ప్రక్కగా లోతైన కాలువ త్రవ్విరి. దక్షిణమునుండి నడచివచ్చు ఇసుక ఆ కాలువను పూడ్చకుండుటకై రెండు పాత ఓడలను నీట ముంచి అడ్డుకట్టగా నిలిపిరి. 1976వ సంవత్సరమున వెలుపలి రేవు కూడ సిద్ధమయ్యెను. దానికై రాతి కట్టలు సముద్రములోనికి చాచియున్నవి. రేవు లేనిచో ఈ పట్టణము ఇంత పట్టణము కాదు. దానిని నిందింప మాకు మనసొప్పదు. కాని జమ ఆగినది, ఖర్చు ఆగలేదు. అందుచే రేవువారు కట్టకడ చేరిన యిసుకను డ్రెడ్జరులతో తోడి, గొట్టముల ద్వారా ఈ బీచిపై మరల పోయించుచుందురు. నల్లని బురదనీటితో కలసి ఇసుక గొట్టమునుండి దుముకుచుండగా చూచి, అప్పు తెచ్చి దినవెచ్చము జరుపుకొను సంసారములు కొన్ని మాకు జ్ఞప్తికి వచ్చినవి.

2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను ఈ పట్టణముననే తీరము దాటినది. అటుపిమ్మట ఒడ్డు కోసికొనిపోయిన చోట్ల పెద్ద బండరాళ్లు పేర్చిరి. రాయి తన వెనుకనున్న బాటను కాపాడును. తన ముందరి యిసుకను కాపాడలేదు. గోడను తాకిన కెరటము మరింత బలముతో వెనుకకు మరలి యిసుకను లాగికొనిపోవును. పట్టణమునకు పేరిచ్చిన విశాఖేశ్వరుని కోవెల సముద్రగర్భమున మునిగినదని ఈ ప్రాంతమున ప్రతీతి గలదు. పూర్వులును ఈ కట్ట జరుగుట నెరిగియుందురని ఆ ప్రతీతి వలన మాకు తోచుచున్నది.

రామకృష్ణా బీచికి ఉత్తరమున జాలరిపేట కలదు. తెల్లవారుజామున తెప్పలును పడవలును ఒడ్డుచేరు సమయమున అచటికి పోవలెను. పురుషులు వల దులుపుచుందురు, బేరమంతయు స్త్రీలదే. తట్టలోని చేపను చూచి క్షణములో వెలకట్టు వారి లెక్క మా పిల్లల గణితమును సిగ్గుపరచును. వారిలో పెద్దవయసామెను, "ఏమమ్మా, పిల్లలను ఎక్కడ దింపవచ్చును?" అని అడిగితిమి. ఆమె తట్ట దింపి చేయి చాపి, "తెల్లగ ఇరిగే కెరటం కాడ అంత బయం నేదమ్మా. మజ్జిన నల్లగ, నున్నగ ఊరుకున్న నీరు సూడు. అదే మనిసిని అట్టుకెళ్లిపోద్ది" అన్నది.

ఈ మాటను చదువరులు చీరకొంగున ముడివేసికొనవలెను. కెరటములు విరుగుచోట నీరు ఒడ్డువైపునకు త్రోయబడును. అట్లు వచ్చి చేరిన నీరంతయు మరలిపోవుటకు దారి కావలెను గదా; నడుమ నొకచోట ఇరుకైన కాలువవలె కూడి వేగముగా లోనికి పోవును. అచట కెరటము విరుగదు, నురుగు తక్కువ, రంగు ముదురు. చూపునకు అదే శాంతముగా నుండును గనుక తెలియనివారు అందే దిగుదురు. అందు చిక్కినవారు ఒడ్డునకు ఎదురీదుటచే అలసి మునుగుదురు. ఎదురీదరాదు. ఒడ్డునకు సమాంతరముగా ప్రక్కకు ఈది, కెరటములు విరుగుచోటికి వచ్చినచో అవే ఒడ్డువైపు త్రోయును. ఈత రానివారు చేయి పైకెత్తి, కేకవేసి, వెల్లకిల తేలియుండుటకు ప్రయత్నింపవలెను. ఒడ్డుననున్న తల్లి వెంటనే నీట దూకుట గాక, తేలునది యేదైనను, మూత బిగించిన ఖాళీ నీళ్లడబ్బాయైనను సరే, విసరి, రక్షకభటులను పిలువవలెను. కాపాడబోయినవారే మునిగిపోవుట తరచుగా జరుగుచున్నది.

ఇది తెలిసిన పిమ్మట యారాడకు పోవలెను గాని ముందు కాదు. యారాడ డాల్ఫిన్ నోసునకు ఆవలనున్నది. మూడు వైపుల పచ్చని కొండలు, నాలుగవ వైపున నీలసముద్రము, ఒడ్డున కొబ్బరితోటలు. కొండ దిగుచుండగానే కనబడు ఆ దృశ్యమునకు సాటి మేము చూడలేదు. కాని నీరు మంచిది కాదు. రెండడుగులు వేయగానే లోతు; కెరటము కాళ్లక్రింది యిసుకను తొలిచివేయును. మేమచట చీర చెంగు కూడ తడుపుకొనలేదు. పెరుగన్నము తిని, పిల్లలచే గవ్వలేరించి, కొండనీడ ఇసుకపై సాగుటకు ముందే వెనుదిరిగితిమి.

ఋషికొండ తీరు వేరు. ఇసుక పసిమివన్నెగలది, ఒడ్డు వెడల్పయినది. 2020వ సంవత్సరమున దీనికి బ్లూ ఫ్లాగను అంతర్జాతీయ గౌరవము లభించినది. స్నానమునకు హద్దులు గుర్తించి, రక్షకులను నిలిపి, బట్టలు మార్చుకొను గదులు కట్టిరి. స్త్రీలకు ఈ చివరిది చిన్న సౌకర్యము కాదు. గదిలేనిచో తడిచీరతో బస్సెక్కవలసివచ్చునని వెనుదీసి, జన్మమున ఒక్కమారైనను సముద్రస్నానము చేయని యిల్లాండ్రు ఎందరో!

అచటనుండి భీమిలి బాటపై మంగమారిపేటకడ అలలు తొలిచిన శిలాతోరణమొకటి కలదు. దాని కెదురుగా తొట్లకొండ. సుమారు రెండువేల యేండ్ల క్రిందట బౌద్ధభిక్షువులు నివసించిన విహారమచట 1988 మొదలు 1992 వరకు జరిగిన త్రవ్వకములలో బయటపడినది. రోమకుల వెండినాణెములు కూడ దొరికినవి. వారి ఓడలతో ఈ తీరమునకు వర్తకముండెననుటకు అదియొక సాక్ష్యము. మమ్ము ఆకర్షించినవి నాణెములు కావు, తొట్లు. క్రింద అంతులేని ఉప్పునీరు. పైన రాతిలో తొలిచి వాననీరు నిలుపుకొనిన తొట్లు. కొండకు వానివలననే పేరు.

భీమునిపట్టణమునకు కొంచెమీవల ఎఱ్ఱమట్టి దిబ్బలున్నవి. వేలకొలది సంవత్సరముల క్రిందట, భూమిపై నీరు చాలభాగము మంచుగా గడ్డకట్టిన కాలమున, సముద్రము నేటి యొడ్డునుండి ఎంతయో దూరము వెనుకకు పోయియుండెనట. బయటపడిన యిసుకను గాలి మోసికొనివచ్చి కుప్పపోసినది. అందలి యినుము త్రుప్పుపట్టి రంగు తెచ్చినది. వాననీరు దానిని కోసి వాగులు చేసినది. దేశమున అరుదైన వింత యగుటచే భారత భూవిజ్ఞాన సర్వేక్షణశాఖవారు దీనిని జాతీయ భూవారసత్వ స్థలముగా గుర్తించిరి. గడపకు అలుకుటకు పనికివచ్చునని ఒకామె పిడికెడు మట్టి కొంగున కట్టుకొనబోగా మా యత్తగారు, "వద్దమ్మా, అందరము తలా పిడికెడు తీసిన దిబ్బ యేమగును?" అని మెల్లగా వారించిరి. ఆ మట్టిని లారీలతో తీయువారికిని ఇట్టి యత్తగారొకరుండిన బాగుండును.

భీమునిపట్టణమున గోస్తనీనది సముద్రముతో కలియును. అనంతగిరి కొండలలో పుట్టి, బొఱ్ఱాగుహల గుండ ప్రవహించి వచ్చు నదియే యిది. పదునేడవ శతాబ్దమున డచ్చివారు ఇచట వర్తకస్థానమేర్పరచుకొనిరి. వారి శ్మశానవాటిక ఇప్పటికి నిలిచియున్నది. సమాధుల నడుమ నడుచునపుడు, అంతదూరమునుండి వచ్చి ఈ యుప్పుగాలిలో కన్నుమూసిన వారికై ఆ దేశమున ఏ తల్లులు ఎదురుచూచిరోయని మాకు గుండె బరువెక్కినది. పిల్లలకు మాత్రము దీపస్తంభముపైననే దృష్టి.

మేము భీమిలి చూచినది ఫాల్గుణమాసమున. ఆ రాత్రి అచటనే బంధువులయింట నిలిచి, మరునాడు తెల్లవారకమునుపే మరలితిమి. దారిలో అటవీశాఖవారు కంచె కట్టి తాబేటి గ్రుడ్లను కాపాడు చోటొకటి కలదని వినియుంటిమి. ఆలివ్ రిడ్లే యను సముద్రపు తాబేళ్లు జనవరి మొదలు మార్చి వరకు రాత్రివేళ ఈ యొడ్డెక్కి, ఇసుకలో గోయి త్రవ్వి, నూటికి పైగా గ్రుడ్లు పెట్టి, గోయి పూడ్చి, తెల్లవారకముందే మరలిపోవును. పెట్టినది కుక్కలపాలు, నక్కలపాలు కాకుండ కావలివారు వానిని ఏరి కంచెలోపల మరల పాతుదురు. నలువదియైదు మొదలు అరువది దినములలో పిల్లలు వెలువడును. పిల్ల ఆడో మగో నిర్ణయించునది ఇసుక వేడిమియే. వేడి హెచ్చినచో ఆడుపిల్లలు హెచ్చు. వెలువడిన పిల్ల వెలుగు కనబడు వైపునకు ప్రాకును. పూర్వము ఆ వెలుగు సముద్రముపైది. నేడు బాటపై విద్యుద్దీపములు దానిని దారి తప్పించుచున్నవి.

ఆడుపిల్ల పెరిగి పెద్దదై, వేల మైళ్లు తిరిగి, తాను పుట్టిన ప్రాంతపు టొడ్డునకే గ్రుడ్లు పెట్ట వచ్చునని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. ఇది విని మా యత్తగారు, "పురిటికి పుట్టింటికి వచ్చుటే గదా" అనిరి. వచ్చునాటికి ఇసుక కోసికొనిపోయి, బండరాళ్లు మాత్రము మిగిలియున్నచో ఆ తల్లి యేమి చేయును? కడుపుతోనే మరలిపోవలెను, లేదా అల తాకు చోటనే పెట్టి గ్రుడ్లను పోగొట్టుకొనవలెను. జమాఖర్చుల లెక్క యని మేము పైన చెప్పినది దానికి ప్రాణములలెక్క.

మేము పోయిన యుదయమున ఒక గోయిలోని పిల్లలు వెలువడినవి. అరచేతిలో ఇమిడిపోవునంత పిల్లలు, బూడిదవన్నెవి. వానిని చేతితో నీట వదలరాదట. ఇసుకపై తామే నడచిపోవలెనట. కావలివారు తట్టను నీటికి పది పదునైదడుగుల దూరమున వంచిరి. అందరము ప్రక్కలకు తొలగి నిలిచితిమి. కొన్ని వెంటనే బయలుదేరినవి, కొన్ని తిరిగి తట్టవైపే వచ్చినవి. కడపటిది ఒక పీత బొరియలో పడినది. మావారు బస్సు దాటిపోవుచున్నదని రెండుమారులు పిలిచిరి. అది బొరియనుండి పైకి వచ్చి, ఆగి, మరల ప్రాకి, అల యొకటి దానిని తీసికొనిపోవు వరకు మా యత్తగారు అచటినుండి కదలలేదు.