రిపోర్టు నార్మలే, అలసట ఎక్కడిది?

"జబ్బు పోయిందిగా, ఇంకా ఈ నీరసం ఏమిటి?" అని అడిగేవాళ్ళలో మా చుట్టాలెంతమందో మన సంఘం మిత్రులూ అంతమంది. చుట్టాలు దిష్టి అంటారు. మిత్రులు "రిపోర్టులన్నీ నార్మలే కదా, ఇదంతా మానసికం" అంటారు. దిష్టికి జవాబు చెప్పడం తేలిక. రెండో మాట సైన్సు పేరుతో వస్తోంది కనక దాని సంగతి చూద్దాం.

నాకు 2018లో రొమ్ము కాన్సర్ ఆపరేషన్ అయింది. తర్వాత కీమో, రేడియేషన్. టామోక్సిఫెన్ మాత్ర ఇంకా వేసుకుంటున్నాను. కణితి జాడ లేదు. కానీ కూరల సంచీతో మెట్లెక్కితే మధ్యలో కూలబడాల్సిందే. ఎనిమిది గంటలు నిద్రపోయినా తీరని అలసట ఇది. రక్తహీనత, థైరాయిడ్, డిప్రెషన్ ఉన్నాయేమో ముందు చూడాలి. చూశారు, లేవు. అంటే ఆ పరీక్షలు వెతికినవి లేవని మాత్రమే అర్థం.

లాస్ ఏంజిలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో జూలియన్ బవర్ బృందం ఈ అలసట మీద చాలాకాలంగా పనిచేస్తోంది. 2006లో వాళ్ళు ప్రచురించిన అధ్యయనంలో 763 మంది ఉన్నారు. కాన్సర్ బయటపడిన 5 నుంచి 10 ఏళ్ళ తర్వాత కూడా వాళ్ళలో 34 శాతం మందికి అలసట ఉంది. అంతకుముందు 2002లో, అలసట ఉన్న 20 మంది రక్తాన్ని, లేని 20 మంది రక్తంతో పోల్చారు. మొదటివాళ్ళలో ఇన్‌ఫ్లమేషన్‌ను సూచించే పదార్థాలు ఎక్కువగా కనిపించాయి.

ఇన్‌ఫ్లమేషన్ అంటే మనకు తెలిసిన వాపు, ఎరుపు, నొప్పి మాత్రమే కాదు. రోగనిరోధక కణాలు సైటోకైన్లనే ప్రోటీన్లను వదులుతాయి. ఆ కబురు మెదడుకూ చేరుతుంది. ఫ్లూ వచ్చినప్పుడు దుప్పటి కప్పుకుని పడుకోవాలనిపించేది, అన్నం సయించనిది ఇందుకే. చికిత్స అయిపోయాక కూడా కొందరిలో ఈ కబుర్లు సన్నగా కొనసాగుతున్నాయన్నది బవర్ బృందం వాదన. 40 మంది చిన్న సంఖ్యే, ఒప్పుకుంటాను. పైగా ఇవి గుంపుల సగటులు. నా సీఆర్‌పీ చూసి నా అలసటను ఎవరూ నిర్ధారించలేరు. జలుబు చేసినా, ఒళ్ళు పెరిగినా అది పెరుగుతుంది.

డిప్రెషన్ ఉన్నవాళ్ళలో కూడా కొందరికి ఈ సూచికలు ఎక్కువగానే ఉంటాయి. మరి "శారీరకం కాదు, మానసికం" అనే గీత ఎక్కడ గీస్తారు? ఆత్మ లేదని సభలు పెట్టే మనమే మనసును తీసుకెళ్ళి ఒంటికి బయట కూర్చోబెడుతున్నాం!

ఇన్‌ఫ్లమేషన్ అనే మాట బజారుకెక్కడం ఇంకో తలనొప్పి. ఒకాయన పసుపు, మిరియాల సారం కలిపిన మాత్రల సీసా తెచ్చి "నేచురల్ కదమ్మా" అన్నాడు. టామోక్సిఫెన్ మన ఒంట్లో ఎండాక్సిఫెన్‌గా మారి పనిచేస్తుంది. ఇలాంటి జోడీ వాడితే ఆ ఎండాక్సిఫెన్ 12 శాతం దాకా తగ్గిందని 2019లో నెదర్లాండ్స్ పరిశోధకులు చూపించారు. సీసా ఆయనకే ఇచ్చేశాను. పులుసులో పసుపు మాత్రం మానలేదు.

మన మిత్రులకు మింగుడుపడని సంగతి ఒకటుంది. ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయం వాళ్ళు 200 మంది స్త్రీలతో యోగా ప్రయోగం చేసి 2014లో ఫలితాలు ప్రచురించారు. 12 వారాల యోగా ముగిసిన మూడు నెలలకు అలసటా తగ్గింది, సైటోకైన్లూ తగ్గాయి. ఇందులో చక్రాలూ కుండలినీ ఏమీ రుజువు కాలేదు. పోల్చిన గుంపు వెయిటింగ్ లిస్టులో ఉన్నవాళ్ళు కనక, ఆశ వల్ల, పదిమందితో కలవడం వల్ల ఎంత తగ్గిందో విడదీయలేం. అలాగని యోగా అనే పేరు చూసి అంకెల్ని పారేయడం హేతువాదం కాదు.

2017లో 113 ప్రయోగాలను కలిపి చూసిన విశ్లేషణలో, కాన్సర్ అలసటకు మందులకన్నా వ్యాయామం, కౌన్సెలింగ్ వంటివే మెరుగని తేలింది. అలసిపోయినవాళ్ళను నడవమనడం వింతగానే ఉంటుంది. నేను సాయంత్రాలు పావుగంట నడుస్తున్నాను. కొన్ని రోజులు వీధి చివరినుంచే వెనక్కి వచ్చేస్తాను.