జూపాడు బంగ్లాలో ఒక బుధవారం

కర్నూలు నుండి ఆత్మకూరు పోయే బస్సు నందికొట్కూరు దాటిన తరువాత జూపాడు బంగ్లాలో ఆగుతుంది. కండక్టరు ఊరి పేరు పూర్తిగా చెప్పడు. "బంగ్లా, బంగ్లా" అంటాడు, దిగవలసినవారు దిగిపోతారు. 2022 ఏప్రిల్‌లో ఈ మండలం నంద్యాల జిల్లాలోకి వచ్చింది గాని, మా సంఘంలోని పెద్దవారు కొందరు ఇంకా కర్నూలు జిల్లా అనే చెప్పుకుంటారు. పోతిరెడ్డిపాడు హెడ్ రెగ్యులేటరు ఈ మండలంలోనిదే. శ్రీశైలం నీరు ఆ గేట్ల గుండా బనకచర్లకు పోయి, అక్కడ నుండి తెలుగుగంగ కాలువలో పడి చెన్నపట్నం వారి దాహం కూడా తీర్చుతుంది. అంత నీరు పోయే ఈ సీమలోనే బాలింతకు చెంబెడు నీళ్ళివ్వడానికి ఇంటి పెద్దలు వెనుకాడతారు. నీళ్ళు తాగితే పొట్ట జారుతుందట! పాలిచ్చే తల్లికి దప్పిక ఎక్కువని, దప్పికైనప్పుడెల్లా తాగాలని నర్సమ్మ ఎన్నిసార్లు చెప్పినా ఆ మాట గుమ్మం దాటి లోపలికి పోదు.

మేము ఈ మండలంలోని ఒక పల్లెకు ఆరాధన జరిపించుటకు వెళ్ళి వస్తుంటాము. పోయిన సంవత్సరం ఆ పల్లెలో ఒక సహోదరి రెండవ కాన్పు తరువాత ఆరాధనకు రావడం మానుకొన్నది. ముందు వరుసలో కూర్చుండి పాటలు ఎత్తుకొనే మనిషి. నాలుగు నెలలు చూశాము. విశ్వాసంలో చల్లబడినదని అనుకొన్నాము. అనుకొని ఊరకుండలేదు, ఒక ఆదివారం ప్రసంగంలో పేరు చెప్పకుండా ఆమెకు తగిలేటట్లు నాలుగు మాటలు కూడా అన్నాము. వినవలసిన మనిషి అక్కడ లేదు, విన్నవారు పోయి చెప్పారు.

తరువాత మా శ్రీమతి ఒంటరిగా ఆ ఇంటికి వెళ్ళింది. చాలాసేపు బిడ్డను గురించే మాట్లాడుకొన్నారట. లేచి వచ్చే సమయానికి ఆ సహోదరి కంటనీరు పెట్టుకొని, "ఏం చెప్పేదమ్మా, దగ్గితే చీర తడుస్తాది. తుమ్మినా అంతే. అందరి నడుమ చాప మీద ఎట్ల కూర్చునేది? పాట పాడేకి ఊపిరి పడితే సాలు, భయం" అన్నది.

ఈ మాట మా ఇంట్లో రెండు దినాలు నిద్ర లేకుండా చేసింది. బిడ్డను ఎత్తుకొని ప్రార్థించి, పేరు పెట్టి, కాఫీ తాగి వచ్చాము గాని, తల్లి ఒళ్ళు ఎట్లున్నదని ఏనాడూ అడగలేదు. కాపరి మగవాడు, అట్టి మాట అడగరాదు, నిజమే. అడగగలవారిని పంపవచ్చును కదా! యాకోబు తన అన్నతో, పాలిచ్చు మందలు ఉన్నవి, ఒక్క దినమైనా తొందరపెట్టి తోలలేను అని చెప్పిన సంగతి మేము ఎన్నోసార్లు బోధించాము.

కర్నూలులో మాకు తెలిసిన ఫిజియోథెరపీ సోదరి ఒకరున్నారు. ఆమెను కలిసి అడిగాము. గర్భసంచిని, మూత్రపు తిత్తిని క్రింద నుండి ఊయలవలె పట్టి ఉంచే కండరాలు కాన్పులో సాగి నీరసపడతాయని ఆమె విప్పి చెప్పింది. మూత్రం పోకుండా ఆపుకొన్నట్లు బిగించి, అయిదు అంకెలు లెక్కపెట్టి, వదలిపెట్టాలి. పది సార్లు. దినానికి మూడు పూటలు. ఊపిరి బిగబట్టకూడదు. నెలలు పడుతుంది, మానుకోరాదు. ఆర్నాల్డ్ కెగెల్ అనే అమెరికా వైద్యుడు 1948లోనే ఈ అభ్యాసాన్ని గురించి వ్రాశాడట. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2020లో ఇచ్చిన సూచనలలో బాలింతలను చేర్చింది. వారానికి 150 నిమిషాలైనా ఒక మోస్తరు శ్రమ, దానితోపాటు ఈ బిగింపు అభ్యాసం. మిరప చేలో నడుము వంచే మనిషికి 150 నిమిషాలు ఒక లెక్కా అని మాకు నవ్వు వచ్చింది. సోదరి నవ్వలేదు. "కూలిపని వేరు, కండరం బాగుపడే పని వేరు, అయ్యగారూ. రెండు నెలల బాలింత నిండు బిందె ఎత్తితే ఆ బరువంతా ఎక్కడ పడుతుందో చెప్పండి" అన్నది.

పట్టణాలలో దీనికి తరగతులే ఉన్నాయి. అమెరికాలోని శాన్ డియాగోలో 2001లో ఒక తల్లి మొదలుపెట్టిన పద్ధతిలో, తల్లులందరు కూడి బిడ్డలను తోపుడు బండ్లలో పెట్టుకొని, నడుస్తూ వ్యాయామం చేస్తారు. మా పల్లె వీధిలో ఆ బండి నాలుగు అడుగులు కూడా పోదు. ఇక్కడ బిడ్డకు చంక, చీర ఉయ్యాల, అంతే.

అయితే ఇక్కడి తల్లులు కూడుకొనే చోటు ఎన్నడూ లేదని కాదు. 2013లో అమృతహస్తం పథకం వచ్చినప్పుడు గర్భిణులు, బాలింతలు అంగన్‌వాడీలో కూర్చుండి అన్నం, పప్పు, గ్రుడ్డు, పాలు తీసుకొనేవారు. తినడమే కాక, ఒకరి కష్టం ఒకరు వినేవారు. తరువాత సరుకులు ఇంటికే పంపే ఏర్పాటు వచ్చింది. అది సుళువే, కాని ఇంటికి వచ్చిన పప్పు ఇంటిల్లిపాదికి వండుతారు, తల్లి వంతు ఎంతో చూచేవారు లేరు. మాట్లాడుకొనే చోటూ పోయింది.

ఇక మిగిలింది బుధవారం. టీకాల దినం. ఆరు వారాలకు, పది వారాలకు, పదునాలుగు వారాలకు ప్రతి తల్లీ బిడ్డను ఎత్తుకొని రావలసిందే, అత్తగారు కూడా అడ్డు చెప్పదు. టీకా వేసిన తరువాత అరగంట అక్కడే ఉండమంటారు. ఆ అరగంటను అడుక్కొన్నాము. ఏ.ఎన్.ఎం. గారు వెంటనే ఒప్పుకొన్నారు, ఒక షరతు మీద. ఆపరేషను కాన్పు అయినవారు డాక్టరును అడిగిన తరువాతనే నడుము, పొట్ట వ్యాయామాలు చేయాలి. రక్తం ఎక్కువ పోతున్నా, జ్వరం వచ్చినా, పిక్క వాచి నొప్పి పెట్టినా వ్యాయామం కాదు, ఆసుపత్రి.

మొదటి బుధవారం మా శ్రీమతితోపాటు ఫిజియోథెరపీ సోదరి వచ్చింది. ఆరుగురు తల్లులు, సూది నొప్పికి ఏడ్చే ఆరుగురు బిడ్డలు. మగవారము రోడ్డు మీద టీ అంగడిలో కూర్చున్నాము. లోపల జరిగినది విన్నదే చెప్పుచున్నాము. ఒకతె సిగ్గుతో కొంగు నోట్లో కుక్కుకొన్నది. ఒకతె బిడ్డను రొమ్ము మీద పడుకోబెట్టుకొని, మోకాళ్ళు మడిచి నిదానంగా ఊపిరి తీస్తే, బిడ్డ ఊయలలో ఉన్నట్లు నిద్రపోయింది. దానిని చూచి మిగిలినవారూ పడుకొన్నారు. మా సహోదరి రాలేదు.

రెండవ బుధవారం వచ్చింది. ఆమె వెనుకనే వాళ్ళ అత్తగారు. గడపలో నిలబడి, "పండుకోని కాళ్ళు ఎత్తితే పనయితాదా? మేం కన్లేదా?" అని గట్టిగానే అన్నది. ఎవరూ బదులు చెప్పలేదు. ఆ పెద్దమ్మ పోలేదు కూడా. అరగంట గోడకానుకొని నిలబడింది. అందరు లేచి బిడ్డలను చుట్టుకొని పోయేటప్పుడు, కోడలు చెప్పులు వేసుకొనేంత దూరం పోనిచ్చి, మా శ్రీమతి దగ్గరకు వచ్చి చెవిలో అడిగిందట:

"అమ్మా, ఇరవై ఏండ్లయింది నాకు. ఆ అయిదు లెక్క ఇప్పుడు మొదలుపెడితే ఏమన్నా అయితాదా?"