పొట్టివారికి దూరప్రయాణపు మోటారుసైకిలు

మల్లాపురము కార్ఖానలను వెనుకవైచి, ఉప్పలు దాటి, వరంగల్లు మార్గమున భువనగిరి కోటవఱకు మోటారుసైకిలు స్వయముగా నడుపుకొని పోవలెనని మాకు చిరకాలపు కోరిక. మా పొడవో, అయిదడుగులు మాత్రమే!

ఒక యంగడివాఁడు మమ్ముఁ జూచి, “అమ్మగారు వెనుకఁ గూర్చుండువారే కదా?” యనెను. “నడుపునది యామెయే” యని మావారనిరి.

మొదట నెక్కిన బండిపై మా వ్రేళ్లకొనలు మాత్రమే నేలనంటినవి. బండి యొరగెను, మావారు పట్టుకొననిచోఁ బడియుందుము.

డామినార్ 400 ఆసనము 800 మిల్లీమీటర్ల యెత్తు. మీటియర్ 350కి 765. వేగమున మొదటిదే మిన్న. కాని రెండవదానిపై మా ముంగాళ్లు నిలుకడగా నానినవి. దానినే కోరుకొంటిమి.

సోదరీమణులారా! అంకెలను మాత్రమే నమ్మకుఁడు. ఆసనము ముందువైపు సన్ననైనఁ గాలికి నేల సులభముగ నందును. ప్రయాణమునఁ దొడుగు పాదరక్షలతోనే యెక్కి చూడుఁడు.

బడి సెలవులలో భువనగిరికి బయలుదేరుదుము. వెనుకఁ గూర్చుండువారు మావారే.