పదమూడు అంటే పన్నెండూ ఒకటి

రెండో తరగతి కుర్రాడి నోట్‌బుక్ మీద నేను ఎర్ర పెన్నుతో ఇంటూ మార్కు పెట్టాను. వరసగా మూడు రోజులు. నాలుగో రోజు తెలిసింది, తప్పు వాడిది కాదు, నాదని.

2023లో డీఎడ్ టీచింగ్ ప్రాక్టీసు కోసం నన్ను సీతంపేట ఏజెన్సీలో ఒక కొండ ఊరి బడికి పంపించారు. మాది పాలకొండ దగ్గర పల్లె. నేను పుట్టినప్పుడు పాలకొండ, సీతంపేట రెండూ శ్రీకాకుళం జిల్లాలోనే ఉండేవి. 2022 ఏప్రిల్ నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లాయి. జిల్లా మారినా, బస్సు దిగి కొండెక్కితే అదే వాన, అదే జీడితోటలు. మా ఊరి నుంచి గంటన్నర ప్రయాణం. ఆ గంటన్నరలో భాష మొత్తం మారిపోతుందని మాత్రం నాకు ఎవరూ చెప్పలేదు.

ఆ ఊళ్లో అందరూ సవరలు. పెద్దవాళ్లకి తెలుగు వచ్చు. సంతకి వెళ్లాలి, ఆఫీసులకి వెళ్లాలి, తప్పదు కదా. ఇంట్లో మాత్రం సవర మాటే. రెండో తరగతి పిల్లల్లో కొందరికి తెలుగు అర్థమవుతుంది, కొందరికి సగమే.

నేను చెప్పాల్సిన పాఠం పదులు, ఒకట్లు. చాలా ఈజీ అనుకున్నాను. కొండ చీపురు పుల్లలు తెచ్చి, పది పుల్లలు ఒక కట్ట కట్టి చూపించాను. "ఇది ఒక పది. దీని పక్కన మూడు పుల్లలు పెడితే పదమూడు." పిల్లలంతా కట్టలు కట్టారు. వెనక వరసలో కూర్చునే ఒక కుర్రాడు మాత్రం పెద్ద కట్ట ఒకటి కట్టి, పక్కన ఒక్క పుల్ల పెట్టాడు. లెక్కపెట్టి చూశాను. కట్టలో పన్నెండు ఉన్నాయి. విప్పి మళ్లీ కట్టమన్నాను. మళ్లీ పన్నెండూ ఒకటి. నోట్‌బుక్‌లో బొమ్మ వేయమంటే అక్కడా అంతే. ఇంటూ.

వాడు ఎదురు చెప్పలేదు, ఏడవలేదు. అసలు నోరే విప్పలేదు. మూడో రోజు సాయంత్రం నా రికార్డులో వాడి పేరు ఎదురుగా ఇలా రాశాను: "అంకెలు రావు. నెమ్మది."

ఈ "నెమ్మది" అనే మాట గురించి కొంచెం చెప్పాలి. ఒకప్పుడు నా గురించి కూడా ఇదే మాట రాశారు.

టెన్త్‌లో మంచి మార్కులొచ్చాయని మా నాన్న అప్పు చేసి నన్ను విశాఖలో ఒక కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో వేశాడు. మొదటి వారం క్యాంటీన్ లైన్లో నిలబడి, ముందున్న అమ్మాయితో "బేగి ఎల్లు" అన్నాను. అంటే తొందరగా వెళ్లు అని. లైను లైనంతా నవ్వింది. ఆ రోజు నుంచి నా పేరు "బేగి". క్లాసులో సార్ కూడా రెండుసార్లు అలాగే పిలిచారు, సరదాకే. నేనూ నవ్వాను. ఆ తర్వాత క్లాసులో డౌటొస్తే అడగడం మానేశాను. నోరు తెరిస్తే ఏ మాట జారుతుందో అని భయం. ఫస్టియర్ చివర్లో పేరెంట్స్ మీటింగ్‌లో మా నాన్నతో చెప్పారు: "మీ అమ్మాయి కొంచెం నెమ్మదండి. పార్టిసిపేషన్ లేదు." మా నాన్న బస్సులో ఇంటికెళ్లేదాకా ఒక్క మాట కూడా మాట్లాడలేదు.

అలాంటి నేను, ఆరేళ్లు తిరిగేసరికి ఏడేళ్ల పిల్లాడి మీద అదే మాట రాశాను. రాసేటప్పుడు చెయ్యి కూడా వణకలేదు.

నాలుగో రోజు మధ్యాహ్న భోజనం వండే ఆవిడ నా బల్ల దగ్గరికొచ్చింది. నేను ఆవిడని అప్పా అని పిలిచేదాన్ని. మా వైపు అక్కని అలాగే అంటాం. నోట్‌బుక్ మీద ఇంటూలు చూసి అంది.

"టీచరమ్మా, ఆడు తప్పు సెయ్యలేదు."

"పదమూడు కట్టమంటే పన్నెండు కడుతున్నాడప్పా."

"మాకు పదమూడంటే అదే కదా."

నాకు అర్థం కాలేదు. అప్ప వేళ్ల మీద సవరలో లెక్కపెట్టి చూపించింది. ఒకటి నుంచి పన్నెండు దాకా ఒక్కో అంకెకి ఒక్కో పేరు. పన్నెండుని "మిగల్" అంటారు. పదమూడు దగ్గర కొత్త పేరు లేదు. "మిగల్‌బయ్". అంటే పన్నెండూ ఒకటి. పద్నాలుగంటే పన్నెండూ రెండు. అలా పంతొమ్మిది దాకా. ఇరవైకి మళ్లీ వేరే పేరు. మరి ముప్ఫై మూడు? ఇరవై, పన్నెండు, ఒకటి.

మనకి "పదమూడు" అనే మాటలోనే పది, మూడు ఉన్నాయి. అందుకే మన పిల్లలకి పది పుల్లల కట్ట సహజంగా అనిపిస్తుంది. వాడికి వాళ్ల నానమ్మ చీపురు కట్టలు కడుతూ నేర్పిన లెక్కలో పన్నెండు దగ్గర ముడి పడుతుంది. వాడు పుల్లలు సరిగ్గానే లెక్కపెట్టాడు. పదమూడు పుల్లలే పెట్టాడు. కట్ట ఎక్కడ కట్టాలో వాడి భాష చెప్పింది, వాడు విన్నాడు. నేను వినలేదు.

ఇదేదో అడవి లెక్క అనుకుంటారేమో. అరటిపళ్లు డజను లెక్కన కొంటాం, గడియారంలో పన్నెండే గంటలు. ఫ్రెంచ్ వాళ్లు ఎనభైని ఇప్పటికీ "నాలుగు ఇరవైలు" అంటారు. మీరు ఇది చదువుతున్న ఫోను లోపల లెక్కంతా సున్నా, ఒకటితోనే నడుస్తుంది. పది అనేది మన పది వేళ్ల వల్ల వచ్చిన అలవాటు. మంచి అలవాటే. కానీ అది ఒక్కటే తెలివి కాదు.

మర్నాడు పాఠం మార్చాను. ముందు అందరినీ నానమ్మ లెక్కలో పదమూడు కట్టమన్నాను. పన్నెండూ ఒకటి. తర్వాత అడిగాను, "దీన్ని బడి లెక్కలోకి మార్చాలంటే పెద్ద కట్టలోంచి ఎన్ని పుల్లలు బయటికి తియ్యాలి?" క్లాసంతా నిశ్శబ్దం. వెనక వరసలోంచి రెండు వేళ్లు లేచాయి. వాడే. రెండు పుల్లలు తీసి, ఒంటరి పుల్ల పక్కన పెట్టి, మూడయ్యాయని చూపించాడు. పదీ మూడు. పది నిమిషాల్లో క్లాసంతా అటూ ఇటూ మారుస్తూ ఆడుకుంది. నాలుగు రోజులుగా ఎక్కని పదులు, ఒకట్లు అలా ఎక్కేశాయి.

ఆ రాత్రి సిగ్నల్ దొరికే రాయి మీద కూర్చుని ఫోన్లో సవర భాష గురించి వెతికాను. మొదట వచ్చిన పేరు చూసి సిగ్గేసింది. గిడుగు వెంకట రామమూర్తి. ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం జరిపేది ఆయన పుట్టినరోజునే. స్కూల్లో ఏటా ఆయన ఫొటోకి దండ వేసేవాళ్లం. వాడుక భాష కోసం పోరాడారని వ్యాసం రాస్తే బహుమతి కూడా వచ్చింది నాకు. ఆయన సవర నేర్చుకున్న సంగతి మాత్రం నా బుర్రలో లేదు.

ఆయన 1863లో శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. విజయనగరంలో చదువుకున్నారు. అక్కడ గురజాడ అప్పారావు ఆయన క్లాస్‌మేట్. 1880లో పర్లాకిమిడిలో రాజావారి బడిలో టీచరుగా చేరారు. చుట్టూ కొండల్లో సవరలు. వాళ్ల పిల్లలకి చదువు చెప్పాలంటే ముందు తాను వాళ్ల భాష నేర్చుకోవాలనుకున్నారు. ఆ భాష తెలిసిన మనిషిని ఇంట్లో పెట్టుకుని నేర్చుకున్నారు. సవరలో పాఠాలు రాశారు, సొంత డబ్బుతో సవర పిల్లలకి బడులు పెట్టారు. 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు అచ్చయ్యాయి. అంతకాలం పట్టుకుని ఉన్నారు. కొండల్లో తిరిగి జ్వరం తెచ్చుకుని, దానికి వాడిన క్వినైన్ వల్ల చెవుడొచ్చిందట. పిల్లల మాట వినడానికి వెళ్లి చెవులు పోగొట్టుకున్న మాస్టారు ఆయన.

మన చదువులు కాలానికి తగ్గట్టు మారాలి అని అందరం అంటాం. మారడమంటే స్మార్ట్ బోర్డు, ట్యాబ్, ఇంగ్లీష్ మీడియం అనే అనుకుంటాం. అవన్నీ కావాలి. నేను వాటికి వ్యతిరేకం కాదు. ఆ కుర్రాడి నానమ్మని కలిసినప్పుడు ఆవిడే నాతో అంది, "మా గుంటడికి ఇంగిలీసు రావాల టీచరమ్మా. నాలాగ సీపుర్లు కట్టుకోకూడదు." ఆ మాటకి ఎదురు చెప్పే హక్కు నాకు లేదు. మా నాన్న అప్పు చేసింది కూడా అందుకే.

కానీ ఇంగ్లీషుకి వెళ్లే మెట్లలో మొదటి మెట్టు ఇంటి మాట. అది తీసేసి రెండో మెట్టు ఎక్కమంటే పిల్లాడు ఎక్కడు, కింద నిలబడి చూస్తాడు. మనం "నెమ్మది" అని రాస్తాం.

ఇది కొత్త సంగతేమీ కాదు. 2004 ప్రాంతంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సవర, కువి, కోయ, గోండి లాంటి ఎనిమిది భాషల్లో గిరిజన పిల్లలకి మాతృభాషలో చదువు మొదలుపెట్టారు. సవరకి తెలుగు లిపిలోనే పుస్తకాలొచ్చాయి. 2020 జాతీయ విద్యా విధానం కూడా వీలైన చోట కనీసం ఐదో తరగతి దాకా ఇంటి భాషలో చెప్పమంది. మన రాష్ట్రంలో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు ఉండే పాఠ్యపుస్తకాలు వచ్చాయి. నాకు అవి బాగా నచ్చాయి. 2021లో బీటెక్‌ని తెలుగుతో సహా కొన్ని భారతీయ భాషల్లో చెప్పడానికి ఏఐసీటీఈ ఒప్పుకుంది. అంటే దారి కాగితం మీద ఉంది. ఆ దారిలో నడవాల్సిన నాలాంటి టీచర్‌కి మాత్రం "మిగల్" అంటే ఏమిటో తెలియదు.

నాకు తోచినవి మూడు మాటలు చెబుతాను. ఏజెన్సీకి పంపే ట్రైనీకి ముందు నెల రోజులు ఆ ఊరి భాష నేర్పండి. వంద మాటలు, ఇరవై దాకా అంకెలు చాలు. రెండు, ఆ అప్పలాంటి వాళ్లని వంటగదికే పరిమితం చేయకండి. రోజూ ఒక గంట క్లాసులో కూర్చోబెట్టి, ఆ గంటకి జీతం ఇవ్వండి. మా క్లాసులో అసలు టీచర్ ఆ రోజు ఆవిడే.

మూడోది యూనివర్సిటీలకి. మా వైపు ఎచ్చెర్లలో అంబేద్కర్ యూనివర్సిటీ 2008 నుంచి ఉంది. విజయనగరంలో 2019లో కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం వచ్చింది. మన డిగ్రీ పిల్లలకి కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు ఉంటుంది. నా ఫ్రెండ్స్ చాలామంది సర్వే ఫారాలు నింపి ఇచ్చేశారు. దాని బదులు ఒక్కొక్కరూ ఒక నానమ్మ దగ్గర కూర్చుని రెండొందల మాటలు ఫోన్లో రికార్డు చేసి, అర్థం రాసి ఇస్తే? గిడుగువారికి దశాబ్దాలు పట్టిన పనిలో కొంత ముక్క మన జేబులో ఉన్న ఫోన్‌తో ఒక సెలవుల్లో అయిపోతుంది. సవర ఒక్కటే కాదు. "బేగి" కూడా రాసుకోవచ్చు అందులో.

ప్రాక్టీసు అయిపోయే రోజు రికార్డులో "నెమ్మది" కొట్టేసి, పక్కన ఇలా రాశాను: "రెండు రకాలుగా లెక్కపెట్టగలడు." సంతకం కోసం వచ్చిన మా సారు అది చూసి, "ఇదేం రిమార్కు అమ్మా?" అన్నారు. కూర్చోబెట్టి పుల్లలతో చూపించాను. ఆయన పదమూడు రెండు రకాలుగా కట్టి, కాసేపు ఆగి, సంతకం పెట్టారు.

వెళ్లే ముందు పిల్లల దగ్గర నా సవర లెక్క అప్పజెప్పాను. నీళ్లకి వాళ్ల మాట కూడా చెప్పాను. దాని చివర గొంతు టక్కున ఆగాలి. ఆ ఆగే చప్పుడుకి తెలుగులో అక్షరమే లేదు. నాకు రాలేదు. వెనక వరస కుర్రాడు లేచి వచ్చి, నా చేతిలోంచి ఎర్ర పెన్ను తీసుకుని, నా నోట్‌బుక్‌లో పెద్ద ఇంటూ పెట్టాడు.

క్లాసంతా నవ్వింది. ఈసారి నాకు మాట పడిపోలేదు. మళ్లీ చెప్పాను.