ఒకచోట దూరి, ఇంకొకచోట నిలిచే నీరు

పాత కారున్న ఇంటివారికి వానాకాలములో ఒక ప్రత్యేకమైన బాధ ఉంటుంది. కప్పు బాగానే ఉంటుంది, అద్దాలు మూసే ఉంటాయి, అయినను కాళ్ల కింద నీరు నిలుస్తుంది. మా ఇంటిలోనూ అట్టి బండి ఒకటున్నది. నాన్నగారు 1986లో సెకండ్‌హ్యాండులో కొన్న అంబాసిడర్ అది.

మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అనే ఇంగ్లీషు కారు నమూనాపై పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్స్ వారు ఈ బండిని తయారుచేసేవారు. 2014లో తయారీ నిలిచిపోయింది గనుక ఉన్నవాటిని కాపాడుకొనుటయే మిగిలింది. రబ్బరు ఎవరు చేసినదైనను ఇన్నేళ్లు ఎండకూ వానకూ తట్టుకోలేదు. గట్టిపడి, పగిలి, కుదించుకొనిపోతుంది.

గత వానాకాలములో మ్యాట్లు ఎత్తి చూస్తే డ్రైవరు కాళ్ల దగ్గర రేకు పొరలు పొరలుగా ఊడి వచ్చింది. బ్రేకు తొక్కే మనిషి మడమ ఆనే చోటు అది! "తుక్కు కింద అమ్మేద్దాం పెదనాన్నా" అన్నారు పిల్లలు. అమ్మ ఏమీ అనలేదు. కానీ మా ఊరి ఆడపిల్లలను ఎందరినో కాన్పుకు పట్నం ఆసుపత్రికి చేర్చినది ఆ బండే. సరిగా బాగుచేయాలి, లేదంటే ఇక నడపకూడదు అని అన్నదమ్ములము ఒక మాట అనుకున్నాము.

టింకరింగ్ మేస్త్రీగారు వచ్చి చూసి, "బాబుగారూ, నీరు కనబడే చోట కాదండి, దూరే చోట వెతకాలి" అన్నారు. లోపలికి వచ్చిన నీరు రేకు అతుకుల వెంట పాకి, పల్లమున్న చోట చేరుతుంది. నేల మీద ఎంత లప్పం పెట్టినా అది ఆగదు.

ముందుగా సీట్లు, మ్యాట్లు, వాటి కింది గోనె పట్టాలు తీసి రెండు రోజులు ఎండబెట్టాము. నేలంతా పాత వార్తాపత్రికలు పరిచాము. ఒకరము టార్చిలైటుతో లోపల కూర్చుంటే, ఒకరము బయటనుండి పైపుతో నెమ్మదిగా నీరు పెట్టాము. ఎప్పుడూ కిందినుండి పైకి రావాలి. ముందే కప్పు మీద పోస్తే అన్నిచోట్లా ఒకేసారి తడిసి, ఏది కారుతున్నదో తెలియదు. ఒక్కొక్క చోట పది నిమిషాలు ఆగి, కాగితం తడిసిందేమో చూసి, తరువాతనే పైకి వెళ్లాము.

తలుపులకు ఇంకొక పరీక్ష ఉన్నది. కాగితం ముక్కను తలుపుకూ బీడింగుకూ మధ్య పెట్టి మూసి లాగాలి. బిగువుగా వస్తే రబ్బరు బాగున్నట్టు, జారి వచ్చేస్తే అక్కడ సందు ఉన్నట్టు.

సాయంత్రానికి మూడు దారులు దొరికాయి. మొదటిది ముందు అద్దం కింది మూల. రెండవది, ఇంజనువైపు నుండి వైర్లు లోపలికి వచ్చే రంధ్రం. అక్కడి రబ్బరు బిళ్ల ఊడిపోయింది. మూడవది ఎడమ వెనుక తలుపు. అద్దం పక్కనుండి కొంత వాననీరు తలుపులోకి దిగడం సహజమే. అది తలుపు అడుగునున్న చిన్న రంధ్రాలగుండా బయటకు పోవాలి. మా బండికి అవి మట్టితో పూడుకొనిపోయాయి. లోపలి అట్ట వెనుక ఉండవలసిన ప్లాస్టిక్ కాగితమూ చిరిగిపోయింది.

చీపురుపుల్లతో రంధ్రాలు శుభ్రం చేశాము. యూరియా సంచి లోపలి కవరు కత్తిరించి అట్ట వెనుక అంటించాము. వైర్ల రంధ్రానికి కొత్త రబ్బరు బిళ్ల వేశాము. అద్దం పని మేస్త్రీగారే చేశారు. కొత్త బీడింగు గాడిలో తాడు చుట్టి, సబ్బునీరు రాసి, అద్దాన్ని బయటనుండి ఆనించి, లోపలినుండి తాడును లాగుతూ వస్తే రబ్బరు అంచు రేకు మీదికి ఎక్కి కూర్చుంటుంది. సందుల్లో గట్టిపడని మాస్టిక్ పెట్టారు. పుల్లటి వాసన వచ్చే సిలికాన్ రేకును తినేస్తుంది గనుక దానిని వాడవద్దన్నారు.

అప్పుడు గాని నేల జోలికి పోలేదు. బ్యాటరీ వైరు తీసి, కుళ్లిన రేకు కోసి, కొత్తది వెల్డింగు చేయించాము. మిగిలిన తుప్పును ఇనుప బ్రష్షుతో, ఉప్పుకాగితంతో గీకి, రెడ్ ఆక్సైడ్ పూసి, ఆరిన తరువాత రంగు వేయించాము. మరల పత్రికలు పరిచి మొదటినుండి నీరు పెట్టి చూశాము. ఒక్క కాగితమూ తడవలేదు. బండిని అమ్మే మాట ఇంటిలో మరల వినబడలేదు.

మీ ఇంట పాత బండి ఉంటే, వానలు రాకముందే ఒకసారి మ్యాట్లు ఎత్తి చూడండి. తడి వాసన వస్తే అత్తరు చల్లి ఊరుకోవద్దు. తలుపు అడుగు రంధ్రాలు ఏటా శుభ్రం చేయండి. వానకు తడిసిన మ్యాటును ఆ రోజే తీసి ఆరవేయండి. ఇది డబ్బుకన్నా ఓపిక ఎక్కువ కోరే పని. ఇంటిలో పొరపొచ్చాలు వచ్చినప్పుడు కూడా, మాట పడిన చోటనే కాక అది ఎక్కడనుండి దూరిందో నెమ్మదిగా వెతికితే మేలని మా అన్నదమ్ములకు ఈ పనిలో తోచింది.